దానియేలు రాజుకు ఇచ్చిన సలహా

గర్వం గురించి మనం వినే ప్రసంగాలు చాలావరకు దేవుణ్ణి ఎరుగనివారి గురించో, డబ్బూ హోదా తలకెక్కినవారి గురించో సాగుతాయి. బైబిలు మాత్రం ఈ విషయంలో భక్తిపరులనే ఎక్కువగా హెచ్చరిస్తుంది. వాక్యం చదివే అలవాటు, ప్రార్థనా జీవితం, సంఘంలో మంచి పేరు ఉన్నవారిలోనే ఈ పాపం ఎవరి కంటా పడకుండా ఏళ్ల తరబడి నిలిచి ఉండగలదని నేను నమ్ముతున్నాను. దొంగతనం చేసినవాడికి, అబద్ధమాడినవాడికి లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది. గర్వించినవాడికి తాను దేవుని పక్షాన నిలబడ్డాననే అనిపిస్తుంది కాబట్టి ఆ నొప్పి కూడా తెలియదు.

దినవృత్తాంతముల రెండవ గ్రంథం 26వ అధ్యాయంలోని ఉజ్జియా రాజు చరిత్ర దీనికి తగిన ఉదాహరణ. పదహారేళ్ల వయసులో సింహాసనం ఎక్కిన ఉజ్జియా యెరూషలేములో 52 సంవత్సరాలు ఏలాడు. దేవుణ్ణి ఆశ్రయించినంతకాలం దేవుడు అతణ్ణి వర్ధిల్లజేశాడని గ్రంథకర్త స్పష్టంగా రాశాడు. అతడు బురుజులు కట్టించాడు, అరణ్యంలో బావులు తవ్వించాడు, వ్యవసాయమంటే ఇష్టం కనుక పొలాలనూ ద్రాక్షతోటలనూ చూసుకునే మనుషులను పెట్టుకున్నాడు. అతని చేతి కింద 3,07,500 మంది సైనికులు ఉండేవారు. ఇదంతా దేవుని సహాయంతో కలిగిన వృద్ధే. అయితే స్థిరపడిన తరువాత అతడు మనస్సున గర్వించి చెడిపోయాడని వెంటనే చదువుతాం. యాజకులు మాత్రమే చేయవలసిన ధూపం వేసే పనికి తానే దేవాలయంలోకి వెళ్లాడు. గమనించండి, అతడు వెళ్లింది విగ్రహాల గుడికి కాదు, యెహోవా మందిరానికే. చేయబోయింది కూడా ఆరాధనే.

ప్రధానయాజకుడైన అజర్యా, ధైర్యవంతులైన 80 మంది యాజకులతో కలిసి అతని వెంట లోపలికి వెళ్లి, ఇది నీ పని కాదు, బయటికి వెళ్లమని ఎదిరించాడు. ధూపార్తి చేతిలో పట్టుకుని ఉన్న రాజు వారి మీద మండిపడ్డాడు. కుష్ఠు అతని నొసట పుట్టింది ఆ క్షణంలోనే. మందిరంలో అడుగుపెట్టినప్పుడు దేవుడు అతణ్ణి మొత్తలేదు, ధూపార్తి చేత పట్టుకున్నప్పుడూ మొత్తలేదు. తప్పును తప్పని చెప్పినవారి మీద కోపించినప్పుడు మొత్తాడు. తిరిగి వెళ్లడానికి అతనికి అప్పటివరకూ దారి తెరిచే ఉందని నేను ఈ భాగాన్ని చదివిన ప్రతిసారీ అనుకుంటాను. నాతాను ప్రవక్త ఎత్తిచూపిన దావీదు రాజు పాపం, అంటే మరొకరి భార్యను తీసుకుని ఆమె భర్తను చంపించడం, ఉజ్జియా పాపం కన్నా చాలా ఘోరమైనది. అయినా ప్రవక్త మాట విన్న వెంటనే దావీదు, నేను పాపము చేసితినని ఒప్పుకున్నాడు. తన భక్తిని గుర్తు చేయలేదు, తాను గెలిచిన యుద్ధాలను ముందు పెట్టలేదు. మన తప్పును ఎత్తిచూపినవాడు వయసులో చిన్నవాడైనా, పదవిలో తక్కువవాడైనా, మనకు అంతగా నచ్చనివాడైనా మనం ఏమి చేస్తామన్నదాని కన్నా నమ్మదగిన పరీక్ష ఈ విషయంలో నాకు తెలియదు.

గర్వానికి విరుగుడు ఏమిటని అడిగితే చాలామంది తనను తాను తక్కువగా ఎంచుకోవడమే అంటారు. అది పూర్తిగా తప్పు కాదు, కానీ దానితోనే ఆగిపోతే మనిషి మళ్లీ తన గురించే ఆలోచిస్తూ కూర్చుంటాడు. నేను అయోగ్యుణ్ణి, నేను ధూళిని అని పది మందిలో చెప్పుకోవడంలోనూ ఒక తృప్తి ఉంటుంది; సాక్ష్యం చెబుతూ చెబుతూ పాత పాపాలను కొంచెం పెద్దవిగా, మార్పును మరింత గొప్పదిగా చెప్పాలన్న శోధన ఎవరికైనా వస్తుంది. లూకా 18వ అధ్యాయంలోని పరిసయ్యుడు కూడా తన మంచితనానికి దేవునికి కృతజ్ఞతాస్తుతులే చెల్లించాడు. వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదన అంతటిలో పదియవ వంతు అంటూ అతడు చెప్పినవాటిలో అబద్ధం ఉందని యేసు అనలేదు. ఆ ప్రార్థనలో సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడి, ప్రస్తావన కేవలం పోలిక కోసం వచ్చింది. పక్కన నిలబడి రొమ్ము కొట్టుకుంటున్న మనిషి అతనికి తన నీతిని కొలుచుకునే కొలబద్ద అయ్యాడే గానీ సహోదరుడు కాలేదు.

అందుకే దానియేలు గ్రంథం 4వ అధ్యాయంలో దానియేలు ఇచ్చిన సలహా నాకు ఎంతో విలువైనదిగా కనబడుతుంది. క్రీ.పూ. 605 నుండి 562 వరకు బబులోనును ఏలిన నెబుకద్నెజరుకు ఒక కల వచ్చింది. ఆకాశాన్ని అంటిన మహావృక్షాన్ని నరికివేయమని ఆజ్ఞ అయింది. ఆ చెట్టు రాజేనని గ్రహించిన దానియేలు కొంతసేపు విస్మయంతో కలవరపడ్డాడు. ఈ రాజే తన పట్టణమైన యెరూషలేమును ముట్టడించినవాడు, తనను చెరగా తెప్పించినవాడు. అయినా ఆ కల నీ శత్రువులకు కలిగితే బాగుండునని రాజుతో అన్నాడు. ఆ తరువాత సలహా చెప్పాడు: పాపాలు మాని నీతి న్యాయములను అనుసరించు, నీవు బాధపెట్టిన వారి యందు కరుణ చూపు. తగ్గించుకో అని ఊరికే చెప్పి వదిలేయలేదు. ఎవరిని బాధపెట్టావో వారి వైపు తిరగమన్నాడు. యెహెజ్కేలు 16వ అధ్యాయం సొదొమ దోషాన్ని వివరిస్తూ గర్వాన్నీ, ఆహారసమృద్ధినీ, దీనులకు సహాయం చేయకపోవడాన్నీ ఒకే వరుసలో చెప్పింది. గర్వం హృదయంలో పుట్టినా దాని దెబ్బ తగిలేది పక్కనున్న బలహీనుడికి. కాబట్టి దాన్ని విడిచిపెట్టామనడానికి రుజువు కూడా ఆ బలహీనుడి జీవితంలోనే కనబడాలి.

రాజుకు పన్నెండు నెలల గడువు దొరికింది. ఆ గడువు చివర అతడు రాజభవనం పైకప్పు మీద తిరుగుతూ, ఇది నా బలంతో నేను కట్టించిన మహా బబులోను కాదా అన్నాడు. ఆ మాట ఉత్త ఊహ కాదు. నెబుకద్నెజరు పేరు, బిరుదులు ముద్రించిన బబులోను ఇటుకలు తవ్వకాల్లో ఎన్నో బయటపడ్డాయి, మ్యూజియాల్లో నేటికీ చూడవచ్చు. ఆ ఇటుకల మీద ఉన్నది రాజు పేరు. వాటిని అచ్చు పోసినవాడి పేరు మాత్రం సాధారణంగా కనబడదు.

నీతి మార్గాన్ని ఎంచుకోవడం ఆచరణలో చాలా చిన్న పనులతో మొదలవుతుందని నా అభిప్రాయం. ఒక మనిషి మీద మనం చేసిన నింద అబద్ధమని తెలిసిందనుకుందాం. నా మాటకు నువ్వు నొచ్చుకుని ఉంటే క్షమించు అని చెప్పి వచ్చేయవచ్చు. అప్పుడు తప్పంతా అతని సున్నితత్వం మీదికి వెళుతుంది, మన గౌరవం మనకు మిగులుతుంది. నేను నీ గురించి ఫలానావారితో అన్న మాట నిజం కాదు, వారి దగ్గరికి నేనే వెళ్లి ఆ సంగతి చెబుతాను అనడం వేరు. ఈ రెండో మాట నోట రావడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికి తెలుస్తుంది. అలాగే ఎవరికీ తెలియకుండా ఇవ్వమని మత్తయి 6వ అధ్యాయంలో యేసు చెప్పినది కానుకలకే కాదు, క్షమాపణకూ సేవకూ వర్తిస్తుంది.

ఇలా చెబితే క్రియల వలన రక్షణ అని బోధించినట్టు కాదా అని ఒకరు అడగవచ్చు. కాదు. నీకు కలిగినవాటిలో పొందనిది ఏది అని పౌలు కొరింథీయులను అడిగిన ప్రశ్నకు మన నీతి కూడా లోబడవలసిందే. సత్క్రియలు సహితం దేవుడు ముందుగా సిద్ధపరచినవేనని ఎఫెసీయులకు రాసిన పత్రిక చెబుతుంది. ఉచితంగా పొందినవాడు దాన్ని చూసి అతిశయించడానికి ఏమీ మిగలదు, పంచడానికి మాత్రం చాలా మిగులుతుంది.

లూకా 19వ అధ్యాయంలోని జక్కయ్యను చూడండి, అతడు ధనవంతుడైన సుంకరుల పెద్ద. యేసు తన ఇంటికి వస్తానన్నది అతడు మారుతానని మాట ఇవ్వకముందే. జనం సణుగుతుండగా అతడు నిలబడి, ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానని చెప్పాడు. అన్యాయంగా తీసుకున్నదాన్ని ఒప్పుకుని తిరిగి ఇచ్చేవాడు ఐదవ వంతు కలిపి ఇవ్వాలని లేవీయకాండం 6వ అధ్యాయంలో ఉంది. జక్కయ్య అక్కడ ఆగలేదు. తాను ఎంత మారిపోయాడో, ఎంత దీనుడయ్యాడో జక్కయ్య ఒక్క మాట కూడా చెప్పుకోలేదు. ఎంత ఇస్తాడో, ఎవరికి ఇస్తాడో చెప్పాడు. నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చియున్నదని యేసు అన్నది ఆ మాటలు విన్న తరువాతే.