బాబాయి అడిగిన సంతకం

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు, మా పొలం కౌలుకు చేసే బాబాయి ఒక కాగితం తెచ్చి అరుగు మీద పరిచాడు. పంట సాగుదారు హక్కు పత్రం కోసం దరఖాస్తు. జేబులో నలిగి నలిగి మడతల దగ్గర చిరుగుతోంది. “మూడేళ్లుగా అడుగుతున్నానమ్మా, నాన్నగారు ఒప్పుకోవడం లేదు” అన్నాడు.

నాన్న భయం నాకు తెలుసు. సంతకం పెడితే భూమి చేజారుతుందని. ఆ రాత్రే 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టంలో ఏముందో ఆయనకు విడమరిచి చెప్పాను. పత్రం గడువు 11 నెలలే. హక్కు పంట మీదే, భూమి మీద కాదు. రుణం, బీమా, పంట నష్టపరిహారం అందాలంటే కౌలు రైతుకు ఆ కాగితమే ఆధారం.

అది లేకనే బాబాయి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తున్నాడు. అంటే ఏడాదికి 24 శాతం! కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంట రుణం సకాలంలో తీర్చేస్తే పడేది 4 శాతమే.

నాన్న సంతకం పెట్టారు. తీరా బ్యాంకుకు వెళితే, ఆ సర్వే నంబరు మీద ఇప్పటికే పంట రుణం ఉందన్నారు. అది మాదే. విత్తనం చల్లని మేము పాసుపుస్తకం చూపి తీసుకున్న అప్పు. బాబాయి ఏమీ అనలేదు, కాగితం మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు తల కొట్టేసినట్లయింది.

వచ్చే నెల ఆ బాకీ తీర్చేస్తున్నాం. మిరప నారు పోసేలోపే బాకీ లేదన్న పత్రంతో బాబాయిని నేనే బ్యాంకుకు తీసుకెళ్తాను.