వెల్డింగ్ పర్మిట్ మీద సంతకం పెట్టేముందు

మాది తవుడు నుంచి నూనె తీసే సాల్వెంట్ ప్లాంటు. ఈసారి షట్‌డౌన్‌లో ఎక్స్‌ట్రాక్టర్ (తవుడులోని నూనెను హెక్సేన్‌తో కరిగించి తీసే పెద్ద పాత్ర) అడుగున అరిగిపోయిన ప్లేటు మార్చే పని నాకు అప్పగించారు. హెక్సేన్ తిరిగిన చోట వెల్డింగ్ అంటే ఎవరికైనా టెన్షనే.

హెక్సేన్ పెట్రోలియం నుంచి వచ్చే సాల్వెంట్, చూడ్డానికి నీళ్లలా తేటగా ఉంటుంది. తవుడులోని నూనెను ఇట్టే కరిగించుకుంటుంది. 63-69 డిగ్రీల మధ్యే మరుగుతుంది కాబట్టి నూనె నుంచి ఆవిరిగా లాగేసి, చల్లబరిచి మళ్లీ వాడుకుంటాం. అంత తేలిగ్గా ఆవిరయ్యే గుణమే భయం కూడా. ఫ్లాష్ పాయింట్, అంటే అంటుకునేంత ఆవిరి వచ్చే కనీస ఉష్ణోగ్రత, సున్నాకు 20 డిగ్రీలకు పైగా కింద ఉంటుంది. గాలిలో దాని ఆవిరి 1.1 శాతం ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వతో అంటుకుంటుంది. పైగా గాలికంటే దాదాపు మూడు రెట్లు బరువు, ఎక్కడ పల్లముంటే అక్కడే పేరుకుంటుంది.

హెక్సేన్ అంతా ట్యాంకులోకి దించి, తవుడు ఖాళీ చేసి, రాత్రంతా స్టీమ్ పట్టాం. వాల్వులు మూసి వదిలేయలేదు, లైన్లు విప్పి, దారి పూర్తిగా మూసేసే బ్లైండ్ ప్లేట్లు బిగించాం. ఇనప స్పానర్లు పక్కనపెట్టి కంచువే వాడాం. సెల్‌ఫోన్లన్నీ గేటు దగ్గరే ఉంచేశాం.

మ్యాన్‌హోల్ దగ్గర గ్యాస్ మీటర్ సున్నా చూపించింది.

"వాసన కూడా లేదు సార్, మొదలుపెట్టేద్దాం" అన్నాడు మేస్త్రీ.

"ముక్కు అలవాటు పడిపోతుంది మేస్త్రీ గారూ, అడుగు కూడా చూద్దాం" అని మీటర్ గొట్టాన్ని కిందికి దింపించాను. ఒక మూల జాలీ కింద తవుడు ముద్దకట్టి ఉంది. అక్కడ రీడింగ్ 14 శాతం, అంటే అంటుకోవడానికి కావాల్సిన కనీస ఆవిరిలో ఏడో వంతు. ఎవరినీ లోపలికి దిగనివ్వలేదు. బయటినుంచే వెదురు గెడతో పొడిస్తే, ముద్ద విచ్చుకున్నకొద్దీ రీడింగ్ ఎగబాకింది. లోపల దాక్కున్న హెక్సేన్ అప్పుడు బయటపడిందన్నమాట. మళ్లీ మూసి స్టీమ్ ఇచ్చాం.

తర్వాత అన్ని మూలలా సున్నా వచ్చి, ఆక్సిజన్ 20.9 శాతం చూపించాకే సంతకం పెట్టాను. మ్యాన్‌హోల్ బయట మనిషి కాపలా, పక్కనే మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్లు. పని సాగినంతసేపూ మధ్యమధ్యలో మీటర్ పెట్టి చూస్తూనే ఉన్నాం. ప్లేటు అతుకు బాగా కుదిరింది.

సాయంత్రం ఒక కుర్రాడు చేతి గ్రీజు వదలడానికి శాంపిల్ సీసాలోని హెక్సేన్ పోసుకోబోతుంటే ఆపాను. ఏళ్ల తరబడి దాని ఆవిరి పీల్చినా, ఒంటికి తగిలినా నరాలు దెబ్బతిని కాళ్లూచేతులూ తిమ్మిరెక్కుతాయి. మర్నాడే కుళాయి దగ్గర గ్రీజు వదిలించే సబ్బు పేస్టు పెట్టించాను.