సహనా కాదు, సహ నౌ

బడిలో ప్రార్థన మొదలుకొని సభలో జ్యోతి ప్రజ్వలన దాకా ‘సహ నావవతు, సహ నౌ భునక్తు, సహ వీర్యం కరవావహై, తేజస్వి నావధీతమస్తు, మా విద్విషావహై’ అనే శాంతిమంత్రం ఎక్కడ విన్నా ఇదే వరస: “సహనా... వవతు”. ఆహ్వాన పత్రికల మీద కూడా ఇలాగే రెండు ముక్కలుగా అచ్చేస్తున్నారు. ‘వవతు’ అనే మాట సంస్కృతంలో లేదు. అక్కడున్నవి మూడు పదాలు: సహ, నౌ, అవతు. ఔకారం తర్వాత అచ్చు వస్తే ‘ఆవ్’ అవుతుంది కనుక నౌ, అవతు కలిసి ‘నావవతు’ అయింది. దాన్ని తప్పుచోట విరిచేసరికి మంత్రానికి ప్రాణమైన ‘నౌ’ కాస్తా మాయమైపోయింది.

నౌ అంటే మనిద్దరినీ. తెలుగులో ద్వివచనం లేదు, అందుకే తాత్పర్యంలో ‘మమ్ము రక్షించుగాక’ అని రాసేసి ఊరుకుంటాం. ఋషి తలచుకున్నది మాత్రం ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరినే: చెప్పేవాడినీ, చెప్పించుకునేవాడినీ. కరవావహై, విద్విషావహై కూడా ద్వివచన క్రియలే. కాపాడమని, పోషించమని గురువు శిష్యుడితో పాటు తన కోసం కూడా అడుగుతున్నాడు.

‘తేజస్వి నావధీతమస్తు’ దగ్గర జరిగేది మరీ బాధ. ‘తేజస్వినా’ అని ఆగి ‘వధీతమస్తు’ అంటున్నారు. రుద్రుణ్ణి కొలిచే నమకం చెప్పుకున్నవారికి ‘మా నో వధీః పితరం’ తెలుసు, మా తండ్రిని చంపకు అని వేడుకోలు. చదివిన చదువు వెలగాలని అడిగే చోట వధ చెవిన పడుతోంది! స్వరంతో నేర్చుకుంటే ఈ పొరపాటు రాదు. తే, జ కిందికి, స్వి సమంగా, నా మళ్లీ కిందికి, వ సమంగా, ధీ పైకి. ‘అధీతం’ (చదివినది) అనే పదంలో ఉదాత్తం, అంటే సమంగా పలికే ముఖ్యస్వరం, మొదటి అచ్చు మీద ఉంటుంది, ఆ అకారం ‘వ’లో ఒదిగి ఉంది. పదం ఎక్కడ మొదలైందో స్వరమే చెబుతుంది.

ఇదంతా ఉచ్చారణ పట్టింపు అనుకోకండి. విద్య అంటే ఏమిటో చెప్పవలసి వచ్చినప్పుడు తైత్తిరీయ ఉపనిషత్తు ఋషి పట్టుకున్నది ఈ సంధినే. అందులోని మొదటి భాగం శీక్షావల్లి, దాని మూడో అనువాకం (ఖండం) చూడండి: “ఆచార్యః పూర్వరూపమ్, అంతేవాస్యుత్తరరూపమ్, విద్యా సంధిః, ప్రవచనం సంధానమ్”. గురువు ముందు అక్షరం, శిష్యుడు వెనక అక్షరం, వాళ్లు కలిసేచోటు విద్య, కలిపేది ప్రవచనం, అంటే పాఠం చెప్పడం. విద్యను గురువు ఇంట్లోనో శిష్యుడి తలలోనో కాక ఇద్దరి నడుమ పెట్టాడు మహానుభావుడు. ఆ వెంటనే తల్లి పూర్వరూపం, తండ్రి ఉత్తరరూపం, సంతానం సంధి అంటాడు. ఆ తర్వాత మన నోటి దగ్గరికే వస్తాడు: కింది దవడ, పై దవడ, నడుమ వాక్కు, కలిపేది నాలుక. నాలుకను కదల్చకుండా ‘త’ అనబోయి చూడండి. దవడలు రెండూ ఉన్నా మాట పుట్టదు. గురువూ శిష్యుడూ ఒకే గదిలో కూర్చున్నా అంతే.

ఆ నాలుక పనే సంత, అంటే గురువు నోట విని వల్లించే పద్ధతి. గురువు ఒకసారి చెబుతాడు, శిష్యుడు రెండుసార్లు అంటాడు, స్వరం జారితే అక్కడికక్కడే దిద్దుబాటు. ఉచ్చారణ నేర్పే గ్రంథం పాణినీయ శిక్ష పాఠకాధములని ఆరుగురిని లెక్కపెట్టింది: రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, రాసింది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు చాలనివాడు. ఫోన్ చూసి చదివే మనం నాలుగో వరసలోకి వస్తాం. పుస్తకం చెబుతుందే గానీ మన నోట వచ్చింది వినదు, ‘తేజస్వి’ తర్వాతి ‘నా’ కిందికి దించమని గుర్తుచేయదు.

దిద్దే చోటే గాయమూ అవుతుంది. చదువు వేళ గురువు వల్లనో శిష్యుడి వల్లనో పొరపాటున జరిగే అన్యాయం ద్వేషానికి దారి తీస్తుందనీ, దాని శాంతికే ‘మా విద్విషావహై’ (మనిద్దరం ద్వేషించుకోకుందుము గాక) అనీ శంకర భగవత్పాదులు భాష్యం రాశారు. పదిమందిలో కసిరిన మాట, గురువు తడబడితే శిష్యుడు నవ్విన నవ్వు, అంత చిన్నవి చాలు సంధి విడిపోవడానికి. ఆ ప్రమాదాన్ని ఎంత దగ్గరగా చూసి ఉండాలి, రోజూ పాఠానికి ముందే శాంతి అడగడానికి!

నాలుగో అనువాకంలో గురువు హోమం చేస్తూ శిష్యుల కోసం ప్రార్థిస్తాడు. “యథాపః ప్రవతా యంతి”: నీళ్లు పల్లానికి పారినట్టు బ్రహ్మచారులు నా దగ్గరికి రావాలి. నీరు పల్లమెరుగు అంటాం కదా. అక్కడ పల్లం ఎవరు? గురువే. తనను తాను కింద పెట్టుకుని పిలుస్తున్నాడు.

కాబట్టి తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, ఒక్క వారం ఓపిక పట్టండి. మొదటి రెండు రోజులు పదాలు విడదీసి చెప్పించండి: సహ, నౌ, అవతు. తేజస్వి, నౌ, అధీతం, అస్తు. తర్వాత కలిపించండి. అవతు, భునక్తు, కరవావహై, విద్విషావహై, ఈ నాలుగు చోట్లే ఊపిరి, మధ్యలో విరవనివ్వకండి. మొదటి మూడక్షరాలకే స్వరం పట్టించండి: స కిందికి, హ సమంగా, నా పైకి. మీరు ఒకసారి, వాళ్లు రెండుసార్లు. ఈ ‘నౌ’ అంటే ఎవరండీ అని పిల్లవాడు అడిగితే ముందు వాడి గుండె మీద చెయ్యి పెట్టండి, తర్వాత మీ గుండె మీద.