టికెట్ మీద 00:20 అని ఉంది

15వ తేదీ, ఆదివారం రాత్రి పదకొండున్నరకి పెట్టెతో స్టేషన్‌కి చేరాను. ఇంకా యాభై నిమిషాలుందని నింపాదిగా బెంచీ మీద కూర్చున్నాను. నా రైలు వెళ్లిపోయి అప్పటికే ఇరవై మూడు గంటలు దాటింది. టికెట్ మీద ఉన్నది "15, 00:20". అంటే శనివారం రాత్రి పన్నెండు దాటాక వచ్చే రైలు.

టికెట్‌లో తప్పేమీ లేదు. అదే ఇంకా ఒళ్లు మండించింది. పంతానికి పాత టికెట్లన్నీ ముందేసుకుని, నాకు నచ్చినట్టు కొత్తది గీద్దామని కూర్చున్నాను.

మొదటిది స్క్రీన్ మీద భలే ఉంది. సన్నటి అక్షరాలు, లేత బూడిద గీతలు, బోలెడు ఖాళీ. రసీదులు కొట్టే థర్మల్ ప్రింటర్ ఒకటి అడిగి తెచ్చి అందులో తీస్తే సగం అక్షరాలు విరిగిపోయాయి. ఆ ప్రింటర్లలో ఇంకు ఉండదు, వేడి తగిలిన చోట కాగితమే నల్లబడుతుంది. చాలావాటికి అంగుళానికి 203 చుక్కలే. నా సన్నగీతలు అక్కడ నిలవలేదు. (ఈ సంగతి తెలియక ఒకప్పుడు ఓ టికెట్‌ని గుర్తుగా దాచుకుందామని ల్యామినేషన్ చేయించాను. మొత్తం నల్లగా తిరిగొచ్చింది.)

రెండోదాంట్లో అక్షరాలు లావు చేశాను, మూలనున్న తేదీ, వరుస నంబరు అంకెలు చెత్తగా అనిపిస్తే తీసేశాను. టీసీగా చేసి రిటైరైన మా బాబాయ్‌కి చూపించాను.

"తేదీ ఏదిరా?"

"మధ్యలో, అంత పెద్దగా ఉంది కదా బాబాయ్."

"టికెట్ చదివేది నువ్వు. నేను చదవను, ఊరికే చూస్తాను. ఊగే బోగీలో కన్ను అలవాటైన మూలకే పోతుంది. అక్కడ లేకపోతే ప్రతివాడి దగ్గరా ఆగి వెతుక్కోవాలి."

ఆ అంకెల పుట్టుక గురించి చదివాక నా కోపం కాస్త తగ్గింది. 1830ల చివర్లో ఇంగ్లండ్‌లో థామస్ ఎడ్మండ్సన్ అనే స్టేషన్ మాస్టర్ ముందే అచ్చువేసిన అట్ట టికెట్లు మొదలుపెట్టాడు. అంతకుముందు గుమాస్తా ఒక్కోటీ చేత్తో రాసిచ్చేవాడు. వరుస నంబరు ఉండటంతో ఎన్ని అమ్ముడయ్యాయో, పెట్టెలో ఎంత డబ్బుండాలో ఇట్టే తేలిపోయేది. 57 × 30.5 మిల్లీమీటర్ల ఆ అట్టముక్కని బ్రిటిష్ రైల్ 1990 దాకా వాడింది. పుట్టిందే లెక్కల కోసం. నేను ఏ రాత్రి ఇల్లు కదలాలో చెప్పడం దాని పని కాదు.

మూడోదాంట్లో బాబాయ్ చెప్పిన మూలలో అంకెలు మళ్లీ పెట్టేశాను. క్యూఆర్ కోడ్‌ని మడత పడే మధ్యభాగం నుంచి పక్కకి జరిపి, చుట్టూ ఖాళీ వదిలాను. అంతకుముందు అక్షరాలు ఆనించి పెడితే స్కాన్ కాక విసిగించింది. సమయం కింద "14 శనివారం రాత్రి, 15 ఆదివారం 00:20" అని రాశాను.

ఆరుగురికి ఇచ్చి, స్టేషన్‌కి ఎప్పుడు వెళ్తారని అడిగాను. ఇద్దరు "ఇంతకీ 14వ తేదీనా, 15నా?" అని ఎదురడిగారు. రెండు తేదీలు పెట్టి కొత్త తికమక తెచ్చింది నేనే! 14 తీసేశాను. "శనివారం రాత్రి స్టేషన్‌కి రండి" అని ఒక్క వాక్యం రాశాక ఎవరూ తడబడలేదు.

బాబాయ్ ఆ చివరిది అందుకుని, క్షణంలో మూల చూసి, పెన్నుతో టిక్కు పెట్టి ఇచ్చేశాడు.

"కింద ఈ కథంతా ఎందుకురా?"

"అది నీకు కాదులే బాబాయ్."