ఈ ఏడాది ఎల్డర్‌బెర్రీలు: 2.1 కిలోల గుత్తులు, ఒక జిగురు గిన్నె

జూన్ 22: న్యూజెర్సీలో మా ఫ్రెండ్ పెరటి వెనక కాలువ గట్టున ఎల్డర్‌బెర్రీ పొద (చిన్న నల్లటి పండ్లు గుత్తులుగా కాస్తుంది) నిండా తెల్లటి పువ్వులు. గుత్తి పైభాగం పళ్ళెంలా చదునుగా ఉంది. అడిగి, ఒక కొమ్మకు ఎర్ర రిబ్బన్ కట్టొచ్చాను.

జూలైలో రెండుసార్లు వెళ్ళి ఆకులు చూశాను. కొమ్మకు ఎదురెదురుగా జతలు, ఒక్కో ఆకుకు ఏడేసి చిన్నాకులు, అంచులు రంపంలా. బెరడు మీద పొక్కుల్లాంటి బుడిపెలు. ఎండు కొమ్మ విరిస్తే లోపల తెల్లటి బెండు. పది అడుగుల అవతలే పోక్‌వీడ్ అనే కలుపు మొక్క ఉంది. దాని పండ్లూ నల్లనివే, కాకపోతే పొడుగాటి గెలల్లో వేలాడతాయి, కాండం ముదురు గులాబీ రంగు. అది విషం. తడి నేల కాబట్టి, అలాంటి చోటే పెరిగే వాటర్ హెమ్లాక్ అనే విషపు మొక్క టెన్షన్ కూడా ఉంది. దాని పువ్వులూ తెల్లగానే ఉంటాయి గానీ చెక్క కొమ్మలుండవు, నల్ల పండ్లు కాయదు. దాన్ని తింటే ప్రాణం పోతుంది.

ఆగస్ట్ 24: కాడలు ఎర్రబడ్డాయి, గుత్తులు బరువుకి కిందికి వంగాయి. 2.1 కిలోలు కోశాను. అమ్మ వీడియో కాల్‌లో చూసి, "కామంచి పళ్ళలా ఉన్నాయిరా, అట్లాగే నోట్లో వేసుకున్నావా ఏంటి?" అంది. లేదమ్మా. ఆకులు, కాడలు, పచ్చికాయలు, గింజల్లో సయనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. కర్రపెండలాన్ని పచ్చిగా తినొద్దనేదీ ఇలాంటి దాని వల్లే. 1983లో కాలిఫోర్నియాలో ఆకులు, కొమ్మలతో సహా నలిపి తీసిన పచ్చి ఎల్డర్‌బెర్రీ రసం తాగి 11 మంది జబ్బుపడ్డారు.

గుత్తుల్ని రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున ఫోర్క్‌తో దువ్వితే పండ్లు గోలీల్లా రాలాయి. 1.6 కిలోలు తేలాయి. సన్న తొడిమలు ఏరడానికే గంటన్నర. ఓపిక నశించి పచ్చికాయలు కొన్ని ఏరకుండా పండ్లలోనే వదిలేశాను. తప్పు చేశాను.

రెండు గ్లాసుల నీళ్ళు పోసి, మూత పెట్టకుండా, మరుగు పట్టాక 25 నిమిషాలు ఉడికించాను. గరిటెతో మెల్లగా నొక్కి, పల్చటి గుడ్డలో వడగట్టాను. మిక్సీ వాడలేదు, గింజలు నలగకూడదు. రసంలో 600 గ్రాముల పంచదార, అల్లం ముక్క, రెండు నిమ్మకాయల రసం వేసి మళ్ళీ మరిగించాను.

గిన్నె అంచున మాత్రం ఆకుపచ్చ జిగురు పట్టింది, పనసకాయ పాలలాగా. సబ్బుకి కదల్లేదు. వంటనూనె రాసి పేపర్‌తో తుడిస్తే ఊడింది. అదంతా ఆ పచ్చికాయల పుణ్యమే.

ఈ పండుకి పులుపు తక్కువ, సీలు వేసిన సీసాలో క్రిములు పెరగొచ్చు, అందుకే సీసాల్లో సీలు వేసి అలమారాలో దాచే పని పెట్టుకోలేదు. ఒక సీసా ఫ్రిజ్‌లో, మిగతాది ఐస్ ట్రేలో ఫ్రీజర్‌లో. జలుబుకి మందంటారు చాలామంది. నేనైతే పెరుగులో కలుపుకుంటున్నాను.

సెప్టెంబర్ 1: మిగిలిన గుత్తుల కోసం వెళ్ళాను. పిట్టలు అప్పటికే కానిచ్చేశాయి. ఎర్ర కాడలు, నా రిబ్బన్ మిగిలాయి.