ఆసుపత్రిలో పడుకున్నంత మాత్రాన అడ్మిషన్ కాదు

ఎమర్జెన్సీలో రాత్రంతా సెలైన్ ఎక్కించి పొద్దున పంపేస్తే, చాలాచోట్ల అది ‘అబ్జర్వేషన్’ కిందే రాస్తారు. ఆరోగ్య బీమాకు సాధారణంగా 24 గంటల ఇన్‌పేషెంట్ (ఐపీ, అంటే ఆసుపత్రిలో చేర్చుకుని చేసే) చికిత్స కావాలి కాబట్టి క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. కాగితం మీద ఐపీ నంబరు, చేరిన సమయం ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోండి.

డే కేర్ వేరు. కంటిశుక్లం ఆపరేషన్, డయాలిసిస్, కీమోథెరపీ లాంటివి కొన్ని గంటల్లో అయిపోయినా బీమా వర్తిస్తుంది. కేవలం పరీక్షల కోసం రెండు రోజులు చేరితే మాత్రం సాధారణంగా రాదు.

అసలు దెబ్బ గది దగ్గర తగులుతుంది. 5 లక్షల పాలసీలో గది అద్దె పరిమితి 1 శాతం అనుకుందాం, అంటే రోజుకు 5,000. మీరు 8,000 గది తీసుకుంటే కోత రోజుకు 3,000తో ఆగదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చు కూడా ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారు. ఈ ఖర్చులు 80,000 అయితే అందులో 30,000 మీరే కట్టుకోవాలి. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత ఉండకూడదు. ఐసీయూ ఛార్జీలకూ అంతే. బిల్లులో అక్కడా కోశారేమో వెతకండి.

‘షేరింగ్ గది ఖాళీ లేదు’ అని ఎక్కువ అద్దె గదికి పంపితే, ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి.