వెలీయిటీ: “కోరిక” అని రాసుకుంటే మార్కు పోయే పదం

విదేశాల్లో పీజీ కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షలో నా వెర్బల్ (ఇంగ్లిష్ భాష) స్కోరు చూశాక అందరూ అడిగేది ఒకటే: ఎన్ని వేల పదాలు బట్టీ పట్టారని. ఆ లెక్కతో పని లేదు. ఇప్పుడు వెర్బల్ మొత్తం 27 ప్రశ్నలే, మొదటి సెక్షన్‌లో 12, రెండో దాంట్లో 15. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో, అంటే ఒకే ఖాళీకి వాక్యం అర్థం మారకుండా సరిపోయే రెండు పదాలు ఎంచే ప్రశ్నలో, రెండు జవాబుల్లో ఒకటే సరిపోతే సున్నా. పదం సగం తెలిసినా తెలియనట్టే లెక్క. వెలీయిటీ అలా సగం తెలిసి ముంచే పదం.

స్పెల్లింగ్: వి ఈ ఎల్ ఎల్ ఈ ఐ టి వై. పలికేటప్పుడు ఊనిక “లీ” మీద. పదాల లిస్టులో పక్కన డిజైర్ అని కనబడగానే ఫ్లాష్‌కార్డు (ముందు పదం, వెనక అర్థం రాసుకునే చీటీ) మీద “కోరిక” అని రాసేస్తాం. ఇక వాక్యం ఇలా వస్తుంది: వయొలిన్ నేర్చుకోవాలని ఏళ్ల తరబడి అంటూనే ఉన్నాడు, ఒక్క క్లాసుకూ వెళ్లలేదు, అతనిది వట్టి ____ (ఈ ఖాళీ నింపాలి). ఆప్షన్లలో క్రేవింగ్, ఇయర్నింగ్ జంటగా కనిపిస్తే చెయ్యి అటే పోతుంది. అవి రెండూ మనిషిని కుదురుగా ఉండనివ్వని కోరికలు. ఇక్కడున్నది కాలు కదపని కోరిక. “వెళ్లలేదు”, “వట్టి” అనేవే క్లూలు.

తెలుగులో ఈ తేడా క్రియలోనే ఉంది. “చేస్తాను” అంటే సంకల్పం. “చెయ్యాలనుంది” అని ఊరుకుంటే వెలీయిటీ. కార్డు వెనక ఇదొక్కటి రాసుకుంటే చాలు. ఉట్టికెగరలేనమ్మ సామెత రాసుకోవద్దు. అక్కడ లేనిది శక్తి, ఇక్కడ లేనిది పూనిక. అయితే 13వ శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ దగ్గర ఈ మాట అసాధ్యమైన వాటి గురించే వస్తుంది: వీలయితే కోరుకునేవాడినే, అన్న అసంపూర్ణ సంకల్పం. 17వ శతాబ్దం మొదట్లో ఇంగ్లిష్‌లోకి వచ్చిన ఈ పదానికి ఇప్పుడు ఆ అసాధ్యం షరతు లేదు. వీలున్నా కదలని కోరికే దీని అర్థం.

మూలం లాటిన్ వెల్లె, అంటే కోరుకోవడం. దాని మీద మధ్యయుగపు లాటిన్‌లో వెల్లెయిటాస్ పుట్టింది. వొలిషన్ (సంకల్పం), వాలంటరీ, బెనెవొలెంట్ (మేలు కోరే), మాలెవొలెంట్ (కీడు కోరే) అన్నీ ఆ ఇంటివే. ఇంగ్లిష్ విల్ దూరపు చుట్టం. మన వరం, వరణం, స్వయంవరంలో ఉన్న సంస్కృత “వృ” ధాతువుదీ అదే వంశం. ఈ చుట్టరికం తెలిశాక పదం మళ్లీ మర్చిపోవడం కష్టం.

పదాల రూట్లు (మూల ధాతువులు) నేర్పేవాళ్లు చెప్పని చిక్కు ఒకటుంది. లాటిన్‌లో వొలో అంటే “కోరుతున్నాను”, “ఎగురుతున్నాను” కూడా. వొలటైల్ ఆ ఎగిరేదాని సంతానం. వాల్యూమ్, రివాల్వ్ దొర్లడం నుంచి, వెలాసిటీ వేగం నుంచి, వెల్లమ్ (రాతకు వాడే తోలు) దూడ నుంచి వచ్చాయి. “వెల్”, “వొల్” కనబడ్డ ప్రతిచోటా కోరిక అనుకుంటే మళ్లీ మార్కు పోతుంది. రెండు వేల పదాల లిస్టు పూర్తి చెయ్యకపోవడం బద్ధకం కాదని నేను వాదించేది ఇందుకే. ఒక పదానికి పావుగంట పెడితే దాని చుట్టాలూ, చుట్టాల్లా నటించేవాళ్లూ కలిపి పది తేలతాయి.

కార్డు ముందువైపు పదం కాదు, ఖాళీ ఉన్న వాక్యం రాయండి. 1, 3, 7, 21 రోజులకు తిరిగి చూడండి. తప్పితే మళ్లీ ఒకటి నుంచి.

కోరికను చెప్పే పదాల్లో మిగతావి గబగబా: క్యుపిడిటీ ముఖ్యంగా డబ్బు మీద అత్యాశ, కంక్యుపిసెన్స్ కామం, రెండూ లాటిన్ క్యుపెరె నుంచే. యెన్ తీరని తహతహ. నల్లమందు యావకు చైనీయుల మాట అది, జపాన్ నాణెంతో సంబంధం లేదు.